మొగ కాసే మావలు

శ్వేతాద్రి రాజ్యం ఈశాన్యపు కొసన, మంచుకొండల్లో పుట్టిన శీతవాహిని సముద్రంలో కలిసే మొగ దగ్గర, సూర్యుడు ఉదయించడం ఎవరూ చూడరు. చీకటి మెల్లగా పలచబడి బూడిదరంగుకు వస్తుంది, అంతే. ఆ బూడిదలోంచి ముందు నల్లరాళ్ళు కనబడతాయి. తరువాత ఆ రాళ్ళ మీద పడుకున్న నల్లని ఆకారాలు కదులుతాయి. ఆ ఉదయమూ అలాగే తెల్లవారింది. ఏటి నీళ్ళు పాచి పచ్చన, సముద్రపు నీళ్ళు సీసపు రంగు. రెండూ ఒరుసుకునే గీత పొడుగునా నురుగు తెల్లటి దండలా వంకరలు తిరుగుతోంది. ఆ గీత దాటుకునే కెంపుచేప ఏట్లోకి రావాలి.

నూకాలు తన తోలుదోనెను ఇసుక మీద బోర్లించి కుట్లకు కొవ్వు పూస్తోంది. వెదురు బద్దల చట్రానికి దున్నపోతు తోలు బిగించిన సన్నని దోనె అది. మనిషి నడుము పట్టేంత రంధ్రం తప్ప పైనంతా మూసే ఉంటుంది. అందులో దిగి నడుము చుట్టూ తోలు బిగించుకుంటే, దోనెలో కూర్చున్నట్టు ఉండదు, దోనెను కట్టుకున్నట్టు ఉంటుంది. దోనె తిరగబడితే మనిషీ తిరగబడుతుంది.

ఆమెకు కాస్త దూరంలో గాజుల మలారం పక్కన పెట్టుకుని ఒక మనిషి నిలబడి ఉన్నాడు. తలపాగా కనుబొమల దాకా దిగి ఉంది. చేతుల్లో మట్టికుండ. అతను చూస్తున్నది ఆమెను కాదు, నురుగు గీతను.

మొన్న సాయంత్రం అతను గాజులమ్ముకునేవాడిలా దోనెపేటకు వచ్చాడు. ఊళ్ళో గాజులు తొడుక్కునేవాళ్ళెవరూ మిగల్లేదని తెలుసుకోవడానికి అతనికి ఎక్కువసేపు పట్టలేదు. నిరుడు కెంపుచేపల కాలంలో మొగలోకి వెళ్ళిన మగవాళ్ళెవరూ తిరిగి రాలేదు. తిరగబడ్డ దోనెలు మాత్రం ఒక్కొక్కటే ఒడ్డుకు చేరాయి. మిగిలినవాళ్ళు పిల్లాపాపలను తీసుకుని కొండమీది పల్లెలకు ఎక్కిపోయారు. నూకాలు ఒక్కతే కదలలేదు. మొగుడి దోనె ఒడ్డుకు రాలేదు కాబట్టి మొగుడు వస్తాడని ఆమె నమ్మకం. గాజులవాడు ఆమె గుమ్మంలో కూర్చుని, మంచినీళ్ళు తాగి, అటూ ఇటూ చూసి, నడుములోంచి ఒక ఉంగరం తీసి చూపించాడు. గండభేరుండం చెక్కిన రాజముద్రిక. తాను యువరాజు మణికేతునని, మారువేషంలో వచ్చానని చెప్పాడు.

తరువాత అతను చెప్పిన కథ ఆమె రెప్ప వేయకుండా విన్నది. శంఖజటుడనే మాంత్రికుడు చావు లేకుండా బతకాలని తన ప్రాణాన్ని కెంపురాయిగా మార్చి, శీతవాహిని పుట్టే మడుగులో ఒక చేపగుడ్డులో దాచాడట. పిల్ల పుట్టి సముద్రంలోకి ఈదిపోతే ఇక ఎవరికీ దొరకదని అతని ఎత్తు. కొండల్లో పెరిగినవాడికి కెంపుచేప సంగతి తెలియదు. సముద్రంలో ఎంత దూరం తిరిగినా అది ఒకనాడు పుట్టిన మడుగునే వెతుక్కుంటూ వెనక్కి వస్తుంది, గుడ్లు పెట్టి అక్కడే చచ్చిపోతుంది. ఆ సంగతి తెలిసిన నాటి నుంచి మాంత్రికుడికి నిద్ర లేదు. మొగలోకి వచ్చిన మనుషులందరినీ రాళ్ళ మీది మృగాలుగా మార్చి కాపలా పెట్టాడు. నూకాలు మొగుడు కూడా వాటిలోనే ఉన్నాడు. చేప ప్రాణంతో నా చేతికి అందితే మాంత్రికుడి మెడలు వంచి అందరినీ మళ్ళీ మనుషులను చేయిస్తాను. ఇదీ ఆ గాజులవాడి మాట.

చేపలో ప్రాణం ఉంటే చేపను కొట్టి చంపితే సరిపోదా అని నూకాలు అడిగింది. కెంపుచేపను దోనెలోకి లాగగానే దుడ్డుకర్రతో నెత్తిన ఒక్కటి వేయడం వాళ్ళ అలవాటు. వేయకపోతే దాని తోక దెబ్బకు దోనె తిరగబడుతుంది. అతను తల అడ్డంగా ఊపి, చచ్చిన చేపలోంచి ప్రాణం మరో చేపలోకి దూకుతుందని, అందుకే కుండ తెచ్చానని చెప్పాడు. మాట చక్కగానే ఉంది. కానీ ఆ మాట అంటున్నప్పుడు అతని చేయి తన గొంతు మీదికి పోయింది. నూకాలు అది చూసింది. చూసి, మరిచిపోయింది.

"నీ భర్త పేరేమిటి?" అని కూడా అడిగాడతను.

ఆమె తల వంచుకుని చీర అంచు మడత పెట్టింది. "సెప్పకూడదు బాబూ. మా పేటలో ఆడది మొగుడి పేరు నోటితో పలకదు. పలికితే సంద్రం ఇంటాదంటారు. ఇన్న పేరు సంద్రం మరిసిపోదు."

అతను నవ్వి, అడగనులే అన్నాడు.

దోనెపేటలో పలకకూడని మాట ఇంకొకటి ఉంది. రాళ్ళ మీద పడుకునే ఆ మృగాలను మిగతా రాజ్యమంతా నీటిసింగాలంటుంది. మొగలో పుట్టినవాళ్ళు మాత్రం ఆ పేరు ఎత్తరు. వాటిని మావలంటారు. చేపలు పట్టేవాడి వెనకాలే మావలు మునిగి వస్తాయి. గేలం పడేదాకా ఆగుతాయి. చేప అలిసి నీటి పైకి తేలగానే ఒక్క పట్టు పట్టి ఒళ్ళంతా లాక్కుపోతాయి, గేలానికి తల మాత్రం మిగులుతుంది. అలా పట్టుకున్నప్పుడు పోట్లాడకూడదు. తాడు వదిలి "తిను మావా" అనాలి. అనకుండా తాడు లాగినవాడి దోనె మరుక్షణం తలకిందులవుతుంది.

పెళ్ళయిన కొత్తలో నూకాలు ఈ మాటకు నవ్వు ఆపుకోలేకపోయేది. మొగుణ్ణి కూడా మావా అనే పిలవాలాయె. "ఇంట్లో ఒక మావ, సంద్రంలో మంద మావలు, అందరికీ నా సేపే కావాలి" అనేది. అతను కంచంలోని చేపతలను విరిచి ఆమె కంచంలో వేసి, "ఆ మావలు తల ఒగ్గేత్తారు. ఈ మావ తల నీకిత్తాడు. అదే తేడా" అనేవాడు. కెంపుచేపకు తలే రుచి. అతను ఒక్కనాడూ తల తినలేదు.

అతను పోయాక నూకాలు మావ అన్న మాటే మానేసింది. అయితే అప్పుడప్పుడు ఉదయం తలుపు తీసేసరికి ఎదురుగా ఇసుక మీద ఒక చేపతల ఉండేది. అల తోసిందనుకునేది.

నీళ్ళు బాగా తగ్గి ఉండడంతో గాజులవాడు ఇసుకతిన్నె మీద నడిచి మొగ నడుమనున్న కాకిబండ ఎక్కాడు. చేప పడగానే అక్కడికి తీసుకురమ్మన్నాడు. పోటు వస్తే ఆ బండ చుట్టూ నిలువు లోతు నీళ్ళు తిరుగుతాయని నూకాలు చెబితే, అప్పటికి మన పని అయిపోతుందిలే అన్నాడు.

ఆమె దోనె నీళ్ళలోకి తోసింది. ముత్యపుచిప్ప తునక మెరుస్తున్న గేలాన్ని వెనక్కి జారవిడిచి, తాడును తొడకింద నొక్కిపెట్టి, రెండు రెక్కల తెడ్డును అటొకసారి ఇటొకసారి ముంచుతూ నురుగు గీత వెంట సాగింది. తెడ్డు చప్పుడు కాకూడదు. గాలి లేదు. పొగమంచు నీటి మీద చాపలా పరుచుకుని ఉంది. రాళ్ళ మీది ఆకారాలు మెడలెత్తి చూశాయి. ఒక్కటీ అరవలేదు. మామూలుగా వాటి అరుపు గొంతులో గులకరాళ్ళు దొర్లినట్టు మొగంతా మోగుతుంది. అరవని మావలను నూకాలు ఎన్నడూ చూడలేదు.

ముందుగా దిగింది చెవి చిరిగిన ముసలిది. దాని వెనక ఇంకొకటి, ఇంకొకటి. సీసాలోంచి నూనె ఒలికినట్టు నిశ్శబ్దంగా రాళ్ళ మీంచి నీళ్ళలోకి జారాయి. ఒకదాని ముందరి రెక్క మీద వేలికి ఉంగరం తీసేస్తే మిగిలే గుర్తులాంటి తెల్లని పట్టీ ఉంది. కాసేపట్లో నీటి మీద ఏమీ లేదు. దోనె అడుగున మాత్రం తోలు ఒకసారి లోపలికి నొక్కుకుని మళ్ళీ సర్దుకుంది.

నూకాలు తెడ్డు ఆపలేదు. ఆగిన దోనెను తిరగేయడం తేలిక. ఎడమవైపు నీళ్ళు ఉబ్బాయి. ముసలిదాని తల దోనె అంత ఎత్తున లేచి, తెరిచిన నోటితో ఆమె మీదికి వాలింది. ఆమె తెడ్డు రెక్కను దాని పళ్ళ మధ్య అడ్డం పెట్టి, దాని బరువుకే తోసుకుని పక్కకు జారిపోయింది. కుళ్ళిన చేపల వాసన ముఖానికి కొట్టింది. వెంటనే కుడివైపు నుంచి మరొకటి భుజంతో గుద్దింది. దోనె పక్కకు ఒరిగి, ఆమె చెవి నీళ్ళకు తగిలి, తెడ్డు చరుపుతో మళ్ళీ నిలబడింది. మంచునీళ్ళు మెడ మీంచి లోపలికి కారాయి. అవి ఆకలితో పడడం లేదు. గేలం ఖాళీగా ఉండగానే పడుతున్నాయి. ఆమెను ఒడ్డు వైపుకే నెడుతున్నాయి, ప్రతిసారీ.

అప్పుడు తొడకింద తాడు కాలినట్టు జారింది.

మామూలు చేప కాదని మొదటి లాగుకే తెలిసింది. దోనె మూతి నీళ్ళలోకి దిగి, బాణంలా ఏటి వైపు దూసుకుపోయింది. చేపను ఆడించి అలిసేదాకా చూడడం చెరువులవాళ్ళ పద్ధతి. మొగలో చేపను ఆడించడమంటే మావలకు విస్తరి వేయడమే. నూకాలు తాడును మోకాలికి ఒక చుట్టు చుట్టి, చేప లాగుతున్న వైపుకే, దానికంటే జోరుగా తెడ్డు వేసింది. తాడు వదులైంది. ఆ వదులును చేతికి చుట్టుకుంటూ చేప నెత్తి మీదికే దోనెను తీసుకుపోయింది. అది కిందే ఉంది, బలంగా, అలవకుండా. మావలు అది పైకి తేలుతుందని ఎదురుచూస్తాయి. అంతవరకు ఆమె ఆగలేదు. ఒంటిచేత్తో బుట్టవలను భుజం దాకా నీళ్ళలో ముంచి ఒక్క ఊపున లేపింది.

దోనె పైకప్పు మీద చేప పడి కొట్టుకుంది. నిప్పు రాజేసినట్టు ఎరుపు. మొప్ప తెరుచుకున్నప్పుడల్లా లోపల రేగుపండంత కెంపు వెలిగి ఆరుతోంది. వలను మోకాళ్ళ మధ్య బిగించి నూకాలు అలవాటు కొద్దీ దుడ్డుకర్ర ఎత్తింది, గుర్తొచ్చి ఆగింది. ఎదురుగా కాకిబండ. పోటు మొదలైంది. ఇసుకతిన్నె అప్పుడే నీటికింద పడింది. బండ మీద మనిషి కుండ చాచి వంగి ఉన్నాడు.

దోనెకూ బండకూ నడుమ నీళ్ళు చీలి ఒక మావ లేచింది. మిగతావాటిలా మీద పడలేదు. దోనె మూతికి గుండె ఆనించి, అడ్డంగా, కదలకుండా నిలబడింది.

"ఎల్లాజీ, తప్పుకో" అన్నాడు గాజులవాడు.

మావ ఒళ్ళంతా వణికింది. కొరడా దెబ్బ తిన్నట్టు పక్కకు జరిగింది.

నూకాలు తెడ్డు ఆపింది. దోనె పోటుకు అదే తిరుగుతూ నిలిచింది. ఆమె గొంతు చాలా నెమ్మదిగా వచ్చింది. "ఆ పేరు నీకెవులు సెప్పినారు బాబూ?"

"నువ్వేగా చెప్పావు మొన్న."

"నాను సెప్పను."

ఇంత మందలో ఆ పేరుగలది ఏదో, దాన్ని అలా మార్చినవాడికి తప్ప ఇంకెవరికి తెలుస్తుంది? బండ మీది మనిషి ఆమె ముఖంలోకి చూసి, ఇక దాచి లాభం లేదనుకున్నాడో ఏమో, తలపాగా విప్పి నీళ్ళలో పడేశాడు. జడలు కట్టిన జుట్టు నడుము దాకా జారింది. జడజడకూ చిన్న శంఖాలు. అవి ఒకదానికొకటి తగిలి పళ్ళు కొరికినట్టు చప్పుడయింది.

నూకాలు దుడ్డుకర్ర మళ్ళీ ఎత్తింది. ఈసారి అలవాటుతో కాదు.

శంఖజటుడు కంగారు పడలేదు. "కొట్టు. చేప చస్తే నేను చస్తాను, నిజమే. కానీ వీళ్ళను మళ్ళీ మనుషులను చేసే మాట నా నాలుక మీద తప్ప లోకంలో ఇంకెక్కడా లేదు. నా నాలుకతోపాటు అదీ పోతుంది. నీ మొగుడు చచ్చేదాకా ఈ రాళ్ళ మీద పడుకుంటాడు. చేప నాకిస్తే ఇప్పుడే నడిపించుకుని ఇంటికి తీసుకుపో."

ఇస్తే ఏమవుతుందో ఆమెకు తెలుసు. కుండ అతని చేతికి చేరాక ఆమెకూ ఈ నీళ్ళలోనే ఒక రాయి దొరుకుతుంది. కర్ర ఎత్తిన చేయి అలాగే ఉంది. చేప కొట్టుకుంటోంది. పక్కన మావ తల నీటి మీద తేలుతూ ఆమెనే చూస్తోంది. నల్లటి పెద్ద కళ్ళు. ఇసుక మీది చేపతలలు ఒక్కసారిగా ఆమె కళ్ళముందుకు వచ్చాయి. అల తోసిన తల నీళ్ళ అంచున ఉండాలి. అవి గుమ్మం ముందు ఉండేవి.

ఆమె కర్ర వదిలేసింది. రెండు చేతులతో వల విప్పి, చేపను మొప్పల దగ్గర పట్టుకుని, ఆ తెరిచిన నోటి దగ్గరికి చాచింది.

"తిను మావా" అంది. "తల కూడా ఈసారి నువ్వే తిను. మింగీ, కొరక్కు."

మావ నోరు తెరిచి చేపను నిలువునా మింగింది. నల్లటి గొంతులోంచి ఎర్రటి వెలుగు కిందికి జారడం, పొట్టలో దీపంలా నిలబడడం పైకి కనిపించింది. బండ మీద శంఖజటుడు రెండు చేతులతో తన గొంతు పట్టుకున్నాడు. కుండ రాతి మీద పడి పగిలింది.

ఇప్పుడు అతని ప్రాణం ఆమె మొగుడి కడుపులో ఉంది. ఆ మృగాన్ని చంపాలంటే అతను తనను తానే చంపుకోవాలి.

"ఎల్లాజీ, కక్కు" అని మాంత్రికుడు అరిచాడు. మావ మెడ వంకర తిరిగింది. పొట్టలోని వెలుగు మెల్లగా పైకి, గొంతు వైపు పాకడం మొదలుపెట్టింది. నూకాలు "మావా, మావా" అని పిలిచింది. మొగలోని తలలన్నీ ఒకేసారి ఆమె వైపు తిరిగాయి. అందరూ మావలే. ఎవరిని పిలిచినట్టు? వెలుగు గొంతు దాకా వచ్చింది.

సంద్రం వింటే విననీ అనుకుంది నూకాలు. పెళ్ళి పీటల మీద కూడా పలకని పేరును, పెదవులు కూడగట్టుకుని, మొదటిసారి నోటారా పలికింది.

"ఎల్లాజీ."

మావ ఒళ్ళు సడలింది. వెలుగు మళ్ళీ కిందికి దిగింది. అది ఒకసారి ఆమె దోనె మూతికి తల రాసి, ఏటి వైపు తిరిగింది. కడుపులోని చేప ఇంకా చావలేదు. తన మడుగుకు దారి వెతుక్కుంటూ, తనను మింగినవాణ్ణి కూడా లాక్కుపోతోంది. ఎర్రటి వెలుగు పచ్చటి ఏటినీళ్ళ కింద ఎదురీదుతూ, మంచుకొండల వైపు కదిలింది. ఆ మడుగు చేరితే చేప గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. దాని వెంట మాంత్రికుడు, మాంత్రికుడి వెంట అతని నాలుక మీది మాట. ఆ లోపు వెలుగును అందుకుని, మాంత్రికుణ్ణి లొంగదీసి ఆ మాట పలికించాలి. నూకాలు తెడ్డు అందుకుని వెలుగు వెనక పడింది.

వెనక, పోటు చుట్టుముట్టిన బండ మీద, శంఖజటుడు పేర్లు పిలవడం మొదలుపెట్టాడు. అతని గొంతులో తొందర లేదు.

"సోమయ్యా, దోనె తిరగేయి."

చెవి చిరిగిన ముసలిది ఆమెకు అడ్డంగా లేచింది. సోమయ్య ఎవరో నూకాలుకు తెలుసు. పేర్లు అతనివైతే వరసలు ఆమెవి. "పెదనాన్నా, నాను నూకాల్ని. నీ సుట్ట ఇంకా మా సూరులోనే ఉంది, నువ్వొచ్చి తీసుకోలేదు" అంది. ముసలిది నోరు తెరిచే ఆగిపోయింది. కళ్ళు చికిలించింది. దోనె దాని పక్కనుంచి జారిపోయింది.

"బండియ్యా."

"మరిదీ, నాను నీ వదినని. ఈ దోనె కుట్టింది నువ్వే. నీ కుట్టు నువ్వే కోత్తావా?" రెండోది గుద్దబోయి, తోలును మూతితో వాసన చూసి, మునిగిపోయింది.

మొగ దాటి ఏటి మలుపు దగ్గరికి వచ్చేసింది. ముందు ఎర్రటి వెలుగు మలుపు తిరిగి కనబడకుండా పోతోంది. రెండు వైపులా నల్లటి బండరాళ్ళు దగ్గరికి వచ్చాయి. దోనె ఒక్కటే పట్టే దారి. వెనక నుంచి శంఖాల చప్పుడు నీళ్ళ మీద పాకుతూ వచ్చింది. తరువాత అతని గొంతు, ఈసారి నవ్వుతున్నట్టుగా వినబడింది.

"మణికేతూ."

తెల్లని పట్టీ ఉన్న రెక్క నీటి మీద ఒకసారి మెరిసి మునిగింది. అప్పుడు తెలిసింది నూకాలుకు, మొన్న గుమ్మంలో చూసిన ఆ ఉంగరం ఎవరి వేలి నుంచి ఊడదీసిందో.

ఆమె నోరు తెరిచింది. ఎన్నడూ చూడని మనిషి, ఏ ఇంటి గడపలోనూ తనతో కూర్చోని రాజుబిడ్డ. పిలవడానికి ఏ వరసా నోటికి రాలేదు. దోనె కింద, తోలు మీద, ఆమె వెన్నుకు తెలిసేలా, ఏదో మెల్లగా ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒరుసుకుంటూ పోయింది. మళ్ళీ వెనక్కి తిరిగింది.